పాతరల తాయారమ్మకు ఫస్టు ర్యాంకు

ఒక పెద్ద అడవిలో, అధ్యక్షులవారికి ఒకరోజు ఒక పేరు గుర్తుకు రాలేదు. ఆ తర్వాత జరిగినదంతా దానివల్లే జరిగింది.

అధ్యక్షులవారంటే ఎలుగుబంటి. అడవి మండలికి వరసగా మూడోసారి ఎన్నికైనవాడు. ఆ రోజు పక్క అడవి నుంచి వచ్చిన చిరుతపులికి సన్మానం. టేకాకులతో కుట్టిన శాలువా తెచ్చారు. ఎలుగుబంటి గొంతు సవరించుకుని, "మనందరికీ ఆప్తులు, నాకు సొంత తమ్ముడి కన్నా ఎక్కువైన శ్రీ... శ్రీ..." అంటూ ఆకాశం వంక చూశాడు. సభంతా ఆకాశం వంక చూసింది. అక్కడేమీ రాసిలేదు. చివరికి ఆయన తెగించి, "శ్రీ రేచుకుక్క గారు!" అన్నాడు.

రేచుకుక్కలకీ చిరుతలకీ మూడు తరాలుగా పడదు. చిరుతపులి శాలువా కింద పారేసి వెళ్ళిపోయాడు.

మూడో వరసలో కూర్చున్న ఉడుత తాయారమ్మ మూతికి తోక అడ్డం పెట్టుకుని నవ్వింది. అది ఎలుగుబంటి కంట పడింది. ఆ నవ్వు ఖరీదు ఎంతో ఆమెకి అప్పుడు తెలియదు.

మర్నాడు పొద్దున్నే మండలి అత్యవసర సమావేశం పెట్టారు.

"అడవిలో జ్ఞాపకశక్తి ప్రమాదకరంగా తగ్గిపోతోంది," అన్నాడు ఎలుగుబంటి.

"ఎవరికండీ?" అని అడిగింది ఒక అమాయకపు జింక.

"అందరికీ. ముఖ్యంగా ఉద్యోగులకి."

కార్యదర్శి ముళ్ళపంది వీపు మీది ముల్లొకటి పీకి, నేరేడు రసంలో ముంచి, ఆ మాట రాసుకున్నాడు. ఆయన రాసుకున్న మాట ఏదైనా సరే, రాసుకున్న క్షణం నుంచీ నిజమైపోయేది.

జబ్బు తేలింది కాబట్టి ఇక వైద్యుడు కావాలి. పట్నం నుంచి ఈమధ్యే తిరిగొచ్చిన గోరింక రెక్కలు సర్దుకుని ముందుకొచ్చాడు. ఇతను ఏడేళ్ళపాటు పట్నంలో, రిటైరైన ఒక హెడ్మాస్టరు గారి కిటికీ మీద కాపురం ఉన్నాడు. ఆ చదువుతోనే పేరుకి ముందు డాక్టర్ అని తగిలించుకున్నాడు.

"మా హెడ్మాస్టరు గారికి డెబ్భై ఎనిమిదేళ్ళు," అన్నాడు డాక్టర్ గోరింక. "రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ పేపర్లో పదాల గళ్ళు నింపుతారు. అడ్డం, నిలువు. బుర్ర ఎలా ఉంటుందనుకున్నారు? పాదరసం! అశోకుడి కొడుకు పేరు అడగండి, టక్కున చెబుతారు."

"గళ్ళు నింపడం వల్ల బుర్ర అలా ఉందా, బుర్ర అలా ఉండబట్టి గళ్ళు నింపుతున్నాడా?" అని వెనక నుంచి ముసలి తాబేలు అడిగాడు.

"మీరు పరిశోధన చేశారా?"

"లేదు నాయనా."

"అయితే కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను," అన్నాడు తాబేలు. ఆయన లేచినా ఎవరికీ తెలియదు కాబట్టి ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రానికల్లా ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగులందరూ రోజుకొక పజిల్ నింపి ముళ్ళపందికి అప్పగించాలి. పజిళ్ళు డాక్టర్ గోరింక తయారు చేస్తారు. తొంభై రోజుల తర్వాత పరీక్ష. నూటికి అరవై రానివాళ్ళు మతిమరుపు వర్గం కింద లెక్క. వాళ్ళకి ఉద్యోగం నుంచి శాశ్వత విశ్రాంతి.

తాయారమ్మ కూడా ఉద్యోగే.

ఆమె ఉద్యోగం పాతరలు కాపాడటం. కోతల కాలంలో అడవి అడవంతా తలా కొంచెం గింజ తెచ్చి ఆమెకి అప్పగించేది. వెదురు బియ్యం, సారపలుకులు, ఇప్పగింజలు, చింతగింజలు. వాటిని జానెడు లోతున పాతర వేసి, వేపాకు పరిచి, బంకమట్టితో పూడ్చి, పైన ఎండాకులు జల్లేది. వేసవిలో, చెట్లు మోడులై నోట్లో వేసుకోవడానికి ఏమీ దొరకని రోజుల్లో, ఒక్కో పాతరా తీసి పంచేది. మొత్తం నూట పన్నెండు.

ఎక్కడెక్కడ ఉన్నాయో ఎక్కడా రాసి లేదు. రాస్తే పందికొక్కులు చదువుతాయి. వాళ్ళమ్మ తరం నుంచీ పద్ధతి ఒకటే. పొద్దున్నే చుట్టు తిరగడం. ఒక్కో పాతర దగ్గరా ఆగి, కాలితో మట్టి తట్టి, పేరు పెట్టి పలకరించడం. ఆ పేర్లు వాళ్ళమ్మ పెట్టినవే. తునికి చెట్టు వేరు కింద ఉన్నది పెద్దత్త. బండ వెనకది మేనమామ. పుట్టకి అటొకటీ ఇటొకటీ మొహాలు తిప్పుకున్న తోటికోడళ్ళు. వాగు దాటి వెళ్ళాల్సింది వియ్యపురాలు. ఆవిణ్ణి ఒక్కరోజు పలకరించకపోయినా మాటొస్తుందని వాళ్ళమ్మ నవ్వుతూ చెప్పేది.

ఎక్కడుందో తల్చుకుని చెప్పమంటే తాయారమ్మ తడబడేది. నడవమంటే కాళ్ళే తీసుకెళ్ళేవి.

ఆమె ముళ్ళపంది దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, నూట పన్నెండు పాతరలు. కళ్ళకి గంతలు కట్టినా చూపిస్తాను. ఇదీ జ్ఞాపకమే కదా? నన్ను దీంట్లో పరీక్షించండి."

"ఎలా పరీక్షించాలమ్మా?"

"నాతో నడవండి. ఒక్క పూట."

ముళ్ళపంది కలం పక్కన పెట్టాడు. "తాయారమ్మ గారూ, నడవాలంటే ఎండ. గళ్ళయితే నీడలో కూర్చుని దిద్దొచ్చు. పైగా మీరు చూపించింది నిజమో కాదో తేలాలంటే తవ్వాలి. తవ్వితే మళ్ళీ పూడ్చాలి. గళ్ళకి ఆ బెడద లేదు, జవాబులు డాక్టరు గారు ముందే రాసిచ్చారు."

"నా ఉద్యోగం గింజలది కదయ్యా, గళ్ళది కాదే."

"ప్రతివాళ్ళూ ఇదే మాట. తేనె చూసే ఆయన కూడా తనది తేనె ఉద్యోగం అంటాడు. అలా అయితే ఇక పరీక్ష ఎవరికి పెట్టాలి?"

"నేను తప్పితే పాతరలు ఎవరు చూస్తారు?"

"డాక్టరు గారి బావమరిది. అప్పుడే దరఖాస్తు పెట్టుకున్నారు."

"ఆయనకి పాతరలు ఎక్కడున్నాయో తెలుసా?"

"గళ్ళలో నూటికి నూరు," అన్నాడు ముళ్ళపంది గౌరవంగా.

తాయారమ్మ ఇంటికొచ్చి ఒక నిర్ణయానికొచ్చింది. పాతరలు ఆ బావమరిది చేతిలో పడకూడదు. పడితే వేసవిలో అడవికి దిక్కుండదు. కాబట్టి ఎలాగైనా పరీక్ష గట్టెక్కాలి.

అనుకోవడం తేలికే. మొదటి పజిల్ టేకాకు మీద గీసి ఇచ్చారు. అడ్డం ఒకటి: పట్నంలో పొద్దున్నే తాగేది, రెండు గళ్ళు. తాయారమ్మ ఆలోచించి 'నీరు' అని రాసింది. తప్పు. కాఫీ. నిలువు మూడు: నెలకోసారి వచ్చేది, మూడు గళ్ళు. 'పున్నమి' అని రాసింది. తప్పు. ఫించను. అడ్డం ఏడు: ఎప్పుడూ వెతికే వస్తువు, నాలుగు గళ్ళు. వదిలేసింది. కళ్ళజోడు అట.

వారం తిరిగేసరికి ఆమె పేరు మద్దిచెట్టుకి కట్టారు. 'మతిమరుపు అనుమానితులు' అనే పట్టిక, మొదటి పేరు.

ఎదురు పొదలో ఉండే అడవికోడి ఎర్రమ్మ అటుగా వస్తూ ఆగింది. ఏడుగురు పిల్లల తల్లి. నోటికి జంకు లేదు, ఉద్యోగం కూడా లేదు కాబట్టి పరీక్ష లేదు.

"ఏం వదినా, పేరు పైకెక్కిందట?"

"నవ్వకు ఎర్రమ్మా. కళ్ళజోడు అంటే ఏమిటో తెలుసా నీకు?"

"తినేదా?"

"కాదు."

"అయితే నాకెందుకు, నీకెందుకు?"

అప్పటికే తాయారమ్మ పాత ఆకులన్నీ ముందేసుకుని చూస్తోంది. చూస్తూ చూస్తూ ఒక సంగతి పట్టేసింది. డాక్టర్ గోరింకకి తెలిసిన మాటలే మహా అయితే అరవై. కిటికీలోంచి కనబడినవీ వినబడినవీ. అవే అటు తిప్పి ఇటు తిప్పి ఇస్తున్నాడు. పొద్దున తాగేది అంటే కాఫీ. సాయంత్రం తాగేది అన్నా కాఫీయే. మూడు చక్రాలంటే ఆటో. గోడ మీద అరిచేది గడియారం.

ఇక పట్టుపట్టింది. పొద్దున చుట్టు తిరిగొచ్చి కూర్చుంటే ఒంట్లో ఓపిక ఉండటం లేదని, సగం చుట్టే తిరిగి కూర్చుంది. తర్వాత రోజు విడిచి రోజు తిరిగింది. వాగు అవతలి వియ్యపురాలిని మొదట వదిలేసింది, దూరం కదా. తర్వాత మేనమామని. మాఘం వెళ్ళేసరికి, పాతరలెక్కడికి పోతాయి, పరీక్ష అయ్యాక చూద్దాంలే అనుకుంది.

నిజం చెప్పాలంటే ఆమెకి ఆ గళ్ళు నచ్చాయి కూడా. ఖాళీ గడిలో అక్షరం సరిగ్గా కూర్చుంటే ఒళ్ళంతా పులకరించేది. నూట పన్నెండు పాతరలు పదేళ్ళు కాపాడితే ఎవరూ శభాష్ అనలేదు. పది గళ్ళు నింపితే ముళ్ళపంది ఎర్ర రసంతో 'బాగుంది' అని రాశాడు.

"వదినా, ఈమధ్య చుట్టు తిరగడం లేదేం?" అంది ఎర్రమ్మ ఒకరోజు.

"ఉష్, ఆగు. ఎండకీ వానకీ పట్టేది, మూడు గళ్ళు."

"చెట్టు."

"చెట్టుకి రెండే గళ్ళు. గొడుగు!"

"గొడుగు అంటే?"

"ఏమో," అంది తాయారమ్మ, గడి నింపుతూ.

ఈలోగా అడవి తన దారిన తాను మారుతూ వచ్చింది. అడవి రోజూ కాస్త మారుతుంది. రోజూ నడిచేవాళ్ళకి ఆ మార్పు తెలియదు, కాళ్ళు సర్దుకుపోతాయి. ఆకు రాలింది. ఫాల్గుణంలో కార్చిచ్చు వచ్చి కింది గడ్డినంతా నల్లగా చేసిపోయింది. పుట్ట కూలింది. తునికి చెట్టు గాలికి పడిపోతే ఏనుగులు ఈడ్చుకుపోయాయి. తాయారమ్మ గూట్లో కూర్చుని 'కార్చిచ్చు' కి గళ్ళు ఎన్నో లెక్కపెట్టుకుంది.

పరీక్ష జరిగింది. తాయారమ్మకు ఫస్టు ర్యాంకు వచ్చింది. నూటికి తొంభై తొమ్మిది. బావమరిది రెండో ర్యాంకుతో మొహం చిన్నబుచ్చుకున్నాడు. తేనె చూసే ఆయనకి విశ్రాంతి ఇచ్చారు. అడవిలో జ్ఞాపకశక్తి మూడు రెట్లు పెరిగిందని ముళ్ళపంది నివేదిక చదివాడు. మొదట్లో మార్కులు ఇరవై, ఇప్పుడు అరవై, అదీ లెక్క.

ఎలుగుబంటి స్వయంగా ఆమెకి టేకాకు శాలువా కప్పి 'స్మృతి శిరోమణి' బిరుదు ఇచ్చాడు. పేరు మరిచిపోకుండా అరచేతిలో రాసుకొచ్చాడు.

పన్నెండు రోజుల తర్వాత పాతర తెరిచే రోజు వచ్చింది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, కోతులు, ఏడుగురు పిల్లలతో ఎర్రమ్మ, అందరూ తాయారమ్మ వెనకాల బయల్దేరారు. ముందు నడుస్తున్న తాయారమ్మకి భుజం మీద శాలువా, మనసులో ధీమా.

గూటి పక్కన ఉన్న పాతర తీసింది. రావి మొదట్లో ఉన్నది తీసింది. ఆ చుట్టుపక్కల వరసగా మొత్తం పదకొండు తీసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పన్నెండోది పెద్దత్త.

తునికి చెట్టు లేదు.

ఇక్కడే ఉండాలే అనుకుంటూ తవ్వింది. రాయి తగిలింది. అటు జరిగి తవ్వింది. వేరు తగిలింది. పోనీ తోటికోడళ్ళ దగ్గరికి పోదామంటే పుట్ట లేదు. బండలు మాత్రం బోలెడున్నాయి, మసిపట్టి అన్నీ ఒకేలా. మేనమామ ఏ బండ వెనక? వెనకేనా, పక్కనా? వాగు దాటి అవతల నిలబడి ఆమె చాలాసేపు చూసింది. వియ్యపురాలు మాట్లాడలేదు. పలకరించి ఎన్నాళ్ళయిందని?

కళ్ళు మూసుకుని గట్టిగా తల్చుకుంది. తలలోకి ఒక్కటే వచ్చింది, అదీ తళుక్కున. ధాన్యం దాచే గొయ్యి, మూడు గళ్ళు: పాతర.

మాట గుర్తుంది. చోటు గుర్తులేదు.

"వదినా, ఎక్కడే?" అంది ఎర్రమ్మ. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. అందుకే భయమేసింది తాయారమ్మకి.

మండలి విచారణ పెట్టింది. ఎలుగుబంటి, ముళ్ళపంది, డాక్టర్ గోరింక ముగ్గురూ సభ్యులు. ఉన్న పదకొండు పాతరల్లో రెండు విచారణ సంఘం భోజనాలకి పోయాయి.

"లోపం పద్ధతిలో లేదు," అన్నాడు డాక్టర్ గోరింక. "మోతాదులో ఉంది. రోజుకి ఒకటి చాల్లేదు. ఇక మీదట రెండు."

తాయారమ్మ లేచి నిలబడింది. శాలువా అంచు వేళ్ళ మధ్య నలుపుతూ, "డాక్టరు గారూ, ఒక్క అనుమానం. 'ఎప్పుడూ వెతికే వస్తువు' అంటే కళ్ళజోడు అని నేర్పారు. ఎందుకని ఎప్పుడూ వెతుకుతారు?"

"అదా!" అన్నాడు గోరింక ఉత్సాహంగా. "మా హెడ్మాస్టరు గారు రోజూ వెతికేవారు కదమ్మా! ఇల్లంతా తిరగేసేవారు. నెత్తి మీదే ఉండేది. ఆ గళ్ళు నింపి లేచీ లేవగానే..."

అని ఆగిపోయాడు.

విచారణ సంఘం వంక ఎవరూ చూడలేదు. అందరూ తాబేలు వంక చూశారు. తాను కూర్చునే ఉన్నానని ఆయన ఇంకోసారి గుర్తు చేశాడు.

ముళ్ళపంది ఆ సంభాషణ రాసుకోలేదు. కాబట్టి అది జరగలేదు. రోజుకి రెండు పజిళ్ళు అనే సిఫార్సు మాత్రం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

ఆ వేసవి ఎలా గడిచిందో అడవిలో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. కోతులు బెరడు నమిలాయి. ఎలుగుబంటి పర్యటన పెట్టుకుని పక్క అడవికి వెళ్ళాడు. తాయారమ్మ రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా తవ్వింది, గోళ్ళు ఊడేదాకా తవ్వింది. ఎర్రమ్మ పిల్లలు ఏడుగురిలో నలుగురే మిగిలారు.

ఎర్రమ్మ ఆమెని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని తాయారమ్మకి అనిపించేది.

మృగశిర కార్తెలో వాన పడింది. మూడు రోజులు పడింది. నాలుగో రోజు పొద్దున తాయారమ్మ గూట్లోంచి దిగి, అలవాటు తప్పిన కాళ్ళతో, పాత చుట్టు తిరగబోయింది.

తునికి చెట్టు ఉండేదనుకుని తను తవ్విన చోటికి ఏడడుగుల ఇవతల, నల్లటి మట్టిలో, గుప్పెడు చింతమొలకలు గుత్తిగా తలెత్తి ఉన్నాయి.

"పెద్దత్తా!" అంది తాయారమ్మ.

బండ పక్కన కాదు, వెనకే, మేనమామ. కూలిన పుట్టకి అటూ ఇటూ తోటికోడళ్ళు, ఇప్పుడు కూడా మొహాలు తిప్పుకునే. వాగు అవతల వియ్యపురాలు పచ్చగా, నిండుగా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అన్నట్టు. నూట ఒకటి. ఆమె ఒక్కోదాని దగ్గరా ఆగి, కాలితో మట్టి తట్టి, కళ్ళు తుడుచుకుంటూ పలకరించింది. ఒక్కటీ తప్పలేదు. తినడానికి మాత్రం ఒక్కటీ మిగల్లేదు.

వారం తిరక్కుండా అధ్యక్షులవారు పర్యటన నుంచి వచ్చారు. మొలకలు చూశారు. ముళ్ళపందిని పిలిచారు. మర్నాటికి మద్దిచెట్టుకి కొత్త పలక వేలాడింది: 'స్మృతి వనం. జ్ఞాపకశక్తి పథకం రెండో దశ. ఒకే ఏడాదిలో నూట ఒక్క చోట్ల మొక్కలు.' దాని రూపకర్తగా డాక్టర్ గోరింక పేరు పెద్దగా రాసి ఉంది.

ప్రారంభోత్సవంలో ఎలుగుబంటి లత తెంపి, మొలకలు నాటిన మహాతల్లికి ఇంకో శాలువా కప్పుదామని లేచాడు. ఈసారి వానకి అరచేతిలో రాసుకున్నది చెదిరిపోయింది.

"మనందరికీ ఆప్తురాలు, నాకు సొంత చెల్లెలి కన్నా ఎక్కువైన శ్రీమతి..." అని ఆకాశం వంక చూశాడు. "శ్రీమతి పందికొక్కు గారు!"

తాయారమ్మ నవ్వలేదు. శాలువా కింద పారెయ్యనూ లేదు. టేకాకు దళసరిగా ఉంది. పాతర మీద కప్పడానికి పనికొస్తుందని చంకలో పెట్టుకుని దిగిపోయింది.

మర్నాడు పొద్దున చుట్టుకి బయల్దేరుతుంటే పొదలోంచి ఎర్రమ్మ వచ్చి పక్కన నడిచింది. పిలవలేదు, అడగలేదు.

చాలా దూరం వెళ్ళాక అంది, "మళ్ళీ గళ్ళు నింపుతావా వదినా?"

"నింపుతాను. చుట్టు తిరిగొచ్చాక, సరదాకి."

"దాంతో ఏమొస్తుంది?"

"గళ్ళు నింపడం వస్తుంది," అంది తాయారమ్మ. "ఇదిగో, ఇక్కడ ఆగు. ఈవిడ పెద్దత్త. పలకరించు."

నీతి: మన జ్ఞాపకశక్తి ఎంత పెరిగిందో తెలుసుకోవాలంటే పరీక్ష రాయాలి, మన గింజలు ఎక్కడున్నాయో తెలుసుకోవాలంటే వాన దాకా ఆగాలి.